ప్రస్తుతానికి అవసరం కనబడుట లేదు

ఆర్థిక శాఖలో ఉపకార్యదర్శిగా పదవీ విరమణ చేసిన నేను, మతి సరిగ్గానే ఉందని మా వీధి డాక్టరు చేత కాగితం రాయించుకుని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం జరగవలసిన వాటి గురించి స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినది రద్దు చేస్తున్నాను. అందులో ఆశ ఎక్కువగా ఉంది.

1. నేనుంటున్న ఇల్లు, బ్యాంకులో ఉన్నది, దాన విక్రయాది సర్వ హక్కులతో నా భార్యకు చెందుతాయి. వాటితో పాటు మా మంచం కింద ఖాళీ కూడా. పెళ్లయిన ఏడాది నుంచి అక్కడ నా రాళ్ల పెట్టెలే ఉన్నాయి. ఆవిడ అక్కడ చీపురు పెట్టి ఎరగదు. ఏనాడూ సణగలేదని రాస్తే అబద్ధమవుతుంది, చాలాసార్లు సణిగింది. కానీ ఒక్క పెట్టె కూడా జరపలేదు.

2. నా తమ్ముడికి నా ఆస్తిలో ఎలాంటి హక్కూ ఉండబోదు. చుట్టాలందరి ముందూ "మా అన్నయ్యకి రాళ్ల పిచ్చి" అని నన్ను పరిచయం చేసేవాడు. వాటిని శిలాజాలంటారని, ఒకప్పుడు ప్రాణమున్నవే రాళ్లయ్యాయని ఎంత చెప్పినా వాడి చెవికెక్కలేదు. ఇప్పుడు ఒక్క రాయి కూడా రాలేదని తెలిసినా వాడేమీ అనుకోడు.

3. భూగర్భశాస్త్రం ప్రొఫెసరు గారు ఆకు అచ్చు పడిన రాయి ఒకటి చూసి ఇస్తానని నా దగ్గర పట్టుకెళ్లారు. అది వారి బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉండడం కళ్లారా చూశాను. వారిచ్చిన టీ తాగి వచ్చేశాను. దాని కోసం నా వారసులెవరూ దావా వేయకూడదు. నా కోపం మాత్రం ఎవరికీ రాసివ్వడం లేదు, అది నాతోనే పోతుంది.

4. సుత్తి, ఉలి, భూతద్దం, రాయైపోయిన చేప పన్ను మా అమ్మాయికి. ఆ పన్ను చిన్నప్పుడు ఒక సెలవు రోజు నాతో రాతి గనికి వచ్చి తనే ఏరింది. తెల్లరంగుతో నంబరు కూడా తనే వేసింది, ఏడు అంకె తిరగబడింది. ఆఫీసులో అలాంటి అంకె కనబడితే ఫైలు వెనక్కి పంపేవాణ్ణి. దీన్ని మాత్రం దిద్దలేదు.

5. మిగిలిన సేకరణ సంగతి. మ్యూజియం వాళ్లు తీసుకుంటామన్నారు. ఒక గది, కొన్ని అల్మారాలు కావాలని ఫైలు పెట్టారు. అది మా శాఖకే వచ్చింది. నా కింద పని నేర్చుకున్న అధికారి దాని మీద "ప్రస్తుతానికి అవసరం కనబడుట లేదు" అని రాశాడు. ఆ వాక్యం నేర్పింది నేనే. కాదనకుండా కాదనడానికి మా శాఖలో అంతకన్నా మంచి వాక్యం లేదు. అవసరం లేదని కాదు, కనబడలేదంతే. అదీ ప్రస్తుతానికే. ఎదురు రాయడానికి ఎవరికీ పట్టు దొరకదు. అతను ఇంటికొచ్చి, కూర్చోకుండానే, "ఎవరి రాళ్లో చూడలేదు సార్. ఫైలు రాగానే చెయ్యి దానంతటదే రాసేసింది" అన్నాడు. కోట్ల ఏళ్లు ఆగినవాటి మీద "ప్రస్తుతానికి" అన్న మాట చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడ్చాను. ఇప్పుడా మ్యూజియమే మూసేస్తున్నారు.

6. అమ్మాయి తన ఇంట్లో పెట్టుకుంటానంది. ఉన్నవి రెండు గదులు, మనుషులు ఐదుగురు. వద్దన్నాను. ఏరిన చోటే తిరిగి వదిలేద్దామంటే ఆ రాతి గని పూడ్చి బస్సు డిపో కట్టారు. పెరట్లో పాతిపెట్టమని నా భార్య సలహా. అది కుదరదు. సముద్రం ఎన్నడూ లేని నేలలో సముద్రపు గవ్వలు దొరికితే, ఎన్నో తరాల తర్వాత నాలాంటి అమాయకుడెవడో ఇక్కడ సముద్రం ఉండేదని రాసేస్తాడు. నేను పోయాక కూడా తప్పుడు లెక్క మీద నా సంతకం ఉండకూడదు.

7. కాబట్టి, పై నాలుగో అంశంలోని పన్ను తప్ప, నా దగ్గరున్న శిలాజాలన్నిటినీ కంకర క్రషర్‌లో వేసి పిండి చేయించవలసింది. ఈ వీలునామా అమలు బాధ్యత మా అమ్మాయిది. తను దగ్గరుండి చేయించాలి. రాయి పగిలినప్పుడు లోపల నుంచి నేను చూడనిది ఏదైనా బయటపడవచ్చు. నేను ఇన్నీ కనుక్కున్నది అలా పగలగొట్టే కదా. అమ్మా, అప్పుడు తల తిప్పుకో. చూశావంటే క్రషర్ ఆపమంటావు. ఆపితే, వాటిని పెట్టడానికి మనకు చోటు లేదు.

తేదీ: 2017 ఆగస్టు 9

వీలునామా రాసినవారి సంతకం

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. మా వీధి డాక్టరు
2. పక్కవాటా టైలరు