డబ్బా కంపెనీది, లోపలి చెక్క నాది

జగిత్యాల జిల్లా కథలాపూర్ మండలానికి చెందిన వడ్ల రాజన్న కొడుకును, వడ్ల నర్సింగ్‌ను, వయసు యాభై ఎనిమిది. ఖతర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఒకే కంపెనీలో వడ్రంగి పని చేస్తున్నాను. దోహాలో ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇది నా మొదటిది, మార్చే ఉద్దేశం లేదు కాబట్టి ఆఖరిదీ ఇదే. గుండెలో మూడు నాళాలు మూసుకుపోయాయని డాక్టర్లు అన్నారు గాని నా బుద్ధి గురించి ఎవరూ ఏమీ అనలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, నేను మందు కొట్టలేదు. కోపం మాత్రం ఉంది. కోపంగా ఉన్నవాడి వీలునామా చెల్లదని ఏ చట్టంలోనైనా ఉంటే తెచ్చి చూపించండి.

రాస్తున్నది క్యాంపులో నా పక్క మంచం గజేందర్. డిగ్రీ చదివాడు. నా మాటను పుస్తకాల తెలుగులోకి మారుస్తున్నాడు. మార్చే వంకతో తిట్లు తీసేయనని నా చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. దీన్ని అమలు చేసే బాధ్యత కూడా అతనిదే.

1. ఊళ్ళో ఇల్లు, ఇంటి వెనక స్థలం నా భార్య ముత్తవ్వకు, ఆమె తరువాత మా బిడ్డ స్వర్ణకు. దీని మీద పేచీ లేదు, కాబట్టి ఇంతకన్నా రాయను. పేచీ ఉన్న ఆస్తి వేరే. అది క్యాంపులో నేను ఉంటున్న పద్నాలుగో నంబరు పోర్టా కేబిన్ అనే రేకు డబ్బా లోపల ఉంది.

రేపు బుధవారం నాకు ఆపరేషన్. ఎల్లుండి గురువారం పొద్దున క్రేన్ వచ్చి ఆ కేబిన్‌ను ఎత్తుకుపోతుంది. క్యాంపు మూసేస్తున్నారు. ఎవరో పెద్దమనిషికి చలికాలం ఎడారి విడిది కోసం దాన్ని లోపల ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చేస్తున్నారట. నా సామాను బయటికి తేవాలంటే గేట్ పాస్ కావాలి. దాని మీద సంతకం పెట్టవలసింది క్యాంపు ఇంజనీరు సత్యనారాయణమూర్తి గారు. మూడుసార్లు వెళ్ళి అడిగాను. మూడుసార్లూ ఒకటే మాట: "బిల్లేదయ్యా నర్సింగ్? కేబిన్లో ఉన్నదంతా కంపెనీదే కదా." అందుకని ఏది కంపెనీదో ఏది నాదో బతికుండగానే తేల్చి రాస్తున్నాను.

2. కంపెనీకి. నాలుగు రేకు గోడలు, పైకప్పు, తుప్పు పట్టిన అడుగు ఫ్రేము, తెరుచుకోని కిటికీ ఒకటి, తెరిస్తే మూసుకోని కిటికీ ఒకటి, ఎవరి మంచం తన కిందికి వస్తే వాడి మీద నీళ్ళు కార్చే ఏసీ. ఇవన్నీ కంపెనీవి, కంపెనీకే పోవాలి. నేను దాంట్లో అడుగు పెట్టేనాటికే అది పాత డబ్బా. నేల ప్లైవుడ్ మీద కాలు వేస్తే దిగబడేది. ఎనిమిదిమందిమి, ఎనిమిది ఇనుప మంచాలు. ఒకడు లుంగీ మార్చుకోవాలంటే ఏడుగురు గోడ వైపు తిరగాలి. పెళ్ళాంతో ఫోన్లో మాట్లాడాలంటే బయట ఎండలో నీళ్ళ ట్యాంకు వెనక్కి పోవాలి. కంపెనీకి ఇంతకు మించి ఏమీ రాయడం లేదు.

3. లోపల ఉన్న చెక్క ఎక్కడిదో చెప్తాను. పెద్ద ఏసీల చిల్లర్లు, మోటార్లు వచ్చిన పెట్టెల చెక్క అది. సైటులో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. "యల్లా, తీసుకుపో, జాగా ఖాళీ అవుతుంది" అని ఫోర్‌మన్ దండం పెట్టినంత పని చేశాడు. పారేసినప్పుడు కంపెనీకి అక్కర్లేని చెక్క, నేను చిత్రిక పట్టి నున్నగా చేశాక కంపెనీది ఎట్లా అయిందో నాకు చెప్పండి.

ప్రతి శుక్రవారం పని చేశాను. ముందు నేల మార్చాను. తరువాత మనిషికొక అర్ర, అంటే చిన్న గది. చాప వెడల్పే అయినా అర్ర అర్రే. తలాపున ఒక గూడు, కాళ్ళ దగ్గర పెట్టె, లాగితే మూసుకునే తలుపు. మొదటి తలుపు బిగించిన రోజు మా ఆంజి లోపలికి పోయి తలుపు వేసుకుని గంటసేపు బయటికి రాలేదు. ఏం చేస్తున్నావురా అంటే, "ఏం లేదు నర్సన్నా, ఉట్టిగనే కూసున్న" అన్నాడు. ఆరేళ్ళుగా ఒక్కడే కూర్చునే అవకాశం దొరకని మనిషి అతను.

4. సత్యనారాయణమూర్తి గారికి: నా మంచం కింద గోనెసంచిలో ఉన్న వంగిన మేకులు. అన్నీ ఆయనకే, ఒక్కటి తక్కువ కాకుండా. అవి కంపెనీ స్టోరులో తీసుకున్నవి కాబట్టి బిల్లు తప్పకుండా ఉంటుంది. ఆయనకు బిల్లంటే ఇష్టం.

ఆ మేకుల కథ ఇది. అల్ ఖోర్ క్యాంపులో ఉన్నప్పుడు కేబిన్ లోపల అంతా దిక్కులు చూసి బిగించాను. ఈశాన్యంలో దేవుడి గూడు, ఆగ్నేయంలో స్టవ్వు, అందరి తలలూ దక్షిణానికి. నాలుగేళ్ళ తరువాత క్యాంపు మారింది. క్రేన్‌వాడు డబ్బాను గాల్లోకి ఎత్తి, కొత్త జాగాలో సరిగ్గా ఎదురు దిక్కుకు తిప్పి దించాడు. దేవుడు నైరుతిలోకి పోయాడు. ఎనిమిదిమంది తలలూ ఉత్తరానికి తిరిగాయి. మా ఊళ్ళో ఉత్తరానికి తల పెట్టి పడుకోబెట్టేది ఎవరినో అందరికీ తెలుసు. కాళ్ళ వైపు దిండ్లు పెట్టుకుని, ఏసీ నీళ్ళు మొహం మీద పడుతుంటే పడుకున్నాం.

తిప్పించండి సార్ అని వెళ్ళి అడిగితే ఆయనన్న మాట: "అది డబ్బా నర్సింగ్. డబ్బాకి వాస్తేంటయ్యా?" ఇదే మనిషి అల్ ముంతజాలో తన ఫ్లాటుకు నన్ను రెండు శుక్రవారాలు పిలిపించి, పూజామందిరం మూడడుగులు జరిపించుకున్నాడు. వంట గట్టు తూర్పుకు తిప్పించుకున్నాడు. ఆయన అద్దె ఫ్లాటుకు దిక్కులు ఉంటాయట. ఎనిమిదిమంది నిద్రపోయే చోటుకు ఉండవట.

ఆ నెలలో లోపల ఉన్నదంతా పీకేశాను. ఒక్కొక్క మేకు లాగి సంచిలో వేశాను. మళ్ళీ కట్టినప్పుడు గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదు. ప్రతి అర్ర, ప్రతి అలమారా తన కాళ్ళ మీద తానే నిలబడుతుంది. చెక్కలో చెక్క కూర్చుని, చెక్క చీలతో బిగుస్తుంది. క్రేన్ ఏ దిక్కుకు దించినా సరే, నలుగురం కలిస్తే ఒక పూటలో విప్పి తిప్పి నిలబెడతాం. తరువాత రెండుసార్లు అట్లాగే చేశాం. కాబట్టి చట్టం తెలిసిన వాళ్ళు గమనించాలి: కేబిన్‌కు అంటుకుని ఉన్నది కంపెనీది అంటే, నా చెక్క ఎక్కడా దానికి అంటుకుని లేదు.

ఇంకొక మాట. హెడ్డాఫీసు వరండాలో అద్దం ఫ్రేములో మా కేబిన్ లోపలి ఫోటో ఉంది. కింద "ఆదర్శ వసతి" అని, రూపకల్పన అని సత్యనారాయణమూర్తి గారి పేరు ఉన్నాయి. ఆ ఫోటో తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. "కొంచెం పక్కకి జరుగు నర్సింగ్, ఫోటోలో పడుతున్నావు" అన్నారు. జరిగాను. అప్పుడు జరిగినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

5. ఇందిరాదేవి గారికి, అంటే పైన చెప్పిన మనిషి భార్యకు: దేవుడి గూడు ముందు ఉండే చిన్న పీట. ఆ రెండు శుక్రవారాలూ ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు తాగే గ్లాసులోనే కాఫీ ఇచ్చింది. "అన్నయ్యగారూ, భోంచేసి వెళ్ళండి" అంది. మొగుడి తప్పు పెళ్ళాం మీద వేసేవాణ్ణి కాదు.

6. ఆంజికి అతని అర్ర, దానితో పాటు మంచానికి నేను పెట్టిన అడ్డపలక. కలలో లేచి పరుగెడతాడు, పలక లేకపోతే కింద పడతాడు. ఏ క్యాంపుకు పోయినా ముందు పలక బిగించుకుని ఆ తరువాతే పడుకోవాలని ఆజ్ఞ. గజేందర్‌కు మడత బల్ల. మిగతా అయిదుగురికి ఎవరి అర్ర వారిది, తలుపుతో సహా. ముఖ్యంగా తలుపుతో సహా.

7. నా బాడిస, రెండు రంపాలు, మా నాయన రాజన్న ఇచ్చిన ఉలులు స్వర్ణకు. ఆడపిల్లకు బాడిస ఏమిటని మా కులపెద్దలు అంటారు. ఇరవై రెండు దసరాలకు నా ఇంటి పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసింది ఆ పిల్ల. అప్పుడు ఈ పెద్దలు ఒక్కరూ వచ్చి ఆడపిల్ల చేయకూడదు అనలేదు. పూజ చేసిన చేతికి పనిముట్టు పట్టే హక్కు ఉంది.

8. నా భార్య ముత్తవ్వకు: కేబిన్‌లో ఆగ్నేయ మూలన నిలబడి ఉన్న టేకు అలమారా.

ఈ వీలునామా అంతా దీని కోసమే. మిగతావి పోయినా నేను ఓర్చుకుంటాను, ఇది పోకూడదు. దోహా పాతబస్తీ ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే పనికి పోయాం. ఆ ఇంటి తలుపులు టేకువి. మన దేశం నుంచే పడవలో వచ్చాయని ఇంటి ముసలాయన చెప్పాడు. నేను వాటిని చేత్తో నిమురుతుంటే చూసి, తీసుకో తీసుకో అన్నాడు. మోసుకొచ్చింది నేను, ఆంజి. ప్రేమతో ఇచ్చినదానికి బిల్లు ఎవరైనా రాస్తారా? ఆ ముసలాయన ఇప్పుడు లేడు, నేను ఎవరి దగ్గర తేవాలి బిల్లు?

మా ఇంట్లో వంటగదికి అలమారా లేదు. చేస్తానని పెళ్ళైన కొత్తలో చెప్పాను. సెలవు మీద పోయిన ప్రతిసారీ ఊరందరికీ తలుపులు, గడపలు చేసి వచ్చాను. మా ముత్తవ్వ ఎన్నడూ గొంతు పెంచి అడగలేదు. ఫోన్లో మాత్రం ఒకసారి అన్నది: "దుబాయ్ల అందరికి అర్రలు జేత్తన్నవట. ఈడ నా చాయిపత్త డబ్బ ఇంకా కిటికిల్నే ఉన్నది." ఇది దుబాయ్ కాదు ఖతర్ అని సరిదిద్దే మొహం నాకు లేకపోయింది.

కిందటి సెలవులో వంటగది గోడ దగ్గర ఆమెను నిలబెట్టి, చెయ్యి పైకెత్తమన్నాను. చెయ్యి అందిన చోట బొగ్గుతో గీత గీశాను. నడుము దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి. "గిదేం పిచ్చి" అని నవ్వింది. ఎందుకో చెప్పలేదు. ఆ కొలతలతోనే ఇది చేశాను. పై అర ఆమె చెయ్యి అందేంతే ఉంటుంది, పీట ఎక్కే పని లేదు. చెక్కల వెనక వరుస నంబర్లు చెక్కాను. స్వర్ణ ఒకటి నుంచి మొదలుపెట్టి నిలబెట్టాలి, మేకు వాడకూడదు. బొగ్గు గీతలు తుడిచి ఉంటే పరవాలేదు, ఇది ఆ గోడకే సరిపోతుంది.

9. ఆపరేషన్‌లో నేను పోతే నన్ను ఇంటికి పంపే పెట్టె కంపెనీ చెక్కతోనే, కంపెనీ మేకులతోనే చేయాలి. ఆంజి నిన్న వచ్చి కళ్ళనీళ్ళతో, "మంచి టేకుంది గద నర్సన్నా" అన్నాడు. వాడి మనసు తెలుసు. అయినా ఖబడ్దార్. టేకులో చిన్న ముక్క కూడా నాకు వాడకూడదు. అది ముత్తవ్వ చాయిపత్త డబ్బా పెట్టుకోవడానికి. ఆ పెట్టెలో నా తల ఏ దిక్కుకు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

10. నేను బతికి లేస్తే పైవన్నీ రద్దు, ఎనిమిదోది తప్ప. అలమారా అప్పుడూ ముత్తవ్వదే. అప్పుడు నంబర్లు చూసుకోవాల్సిన పని కూడా ఉండదు, నేనే వచ్చి నిలబెడతాను.

11. సాక్షుల గురించి. ఇద్దరు చాలంటారు. నేను మూడో సాక్షి సంతకానికి కూడా గీత గీయించాను. అది సత్యనారాయణమూర్తి గారిది. గజేందర్ ఈ కాగితాలు, మేకుల సంచి పట్టుకుని పోయి ఆయన బల్ల మీద పెట్టాలి. మొదటి నుంచి చివరి దాకా ఆయన చదవాలి. ఇదంతా నర్సింగ్‌ది అని సాక్షి సంతకం పెట్టిన చేతితో, రేపు అదే మనిషి కంపెనీది అనలేడు. సంతకం పెట్టకపోతే ఆ గీత ఖాళీగానే ఉంచండి. ఖాళీ గీతను చూసి ఆయన ఎలాంటివాడో చదివినవాళ్ళే చెప్తారు.

ఇంతకన్నా మాట్లాడవద్దని నర్సు యాస్మీన్ కళ్ళెర్ర చేస్తున్నది. హైదరాబాద్ పిల్ల. "చాచా, ఇంత గుస్సా ఎందుకు, బీపీ చూడుండ్రి ఎట్ల పెరిగిందో" అంటున్నది. పెరిగితే పెరగనీ. ఇది చెప్పకుండా కళ్ళు మూసుకుని ఉంటే ఇంకా పెరిగేది.

నేను చెప్పినట్టే రాశాడని చదివించుకుని విని, కింద సంతకం చేస్తున్నాను.

దోహా, 2024 నవంబరు 12, మంగళవారం.

(సంతకం) వడ్ల నర్సింగ్

సాక్షులు:

1. గజేందర్. రాసింది నేనే. తిట్లు రెండు తగ్గించాను, ఒట్టు తప్పినందుకు క్షమించాలి.

2. యాస్మీన్, నర్సు. నా ముందే సంతకం చేశారు.

3. సత్యనారాయణమూర్తి, క్యాంపు ఇంజనీరు. బుధవారం ఉదయం ఆఫీసులో చదివాను, పూర్తిగా. మేకులు ముట్టాయి. దీనికి గేట్ పాస్ ఒకటి జతచేస్తున్నాను. సామాను: పద్నాలుగో కేబిన్ లోపలి చెక్క మొత్తం, టేకు అలమారాతో సహా. బిల్లు: లేదు. సామాను యజమాని: వడ్ల నర్సింగ్.