పచ్చముక్క మీది రాత

బావగారికి నమస్కారం.

ఈ ఉత్తరం అక్క కంట పడనివ్వకండి. ఫోన్ చేస్తే తనే ఎత్తుతుందని రాస్తున్నాను. మీ దగ్గర బిందెలో నీళ్ళు గడ్డకడుతున్నాయని, అక్క నేను కుట్టిన బొంతను రోజూ డాబా మీద ఆరేస్తోందని రాశారు. అది చదివిన వెంటనే కాగితం తీశాను.

బొంతను ఇక బయట పెట్టనివ్వకండి. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు నడిమధ్య పచ్చముక్క మీద ఒకసారి ఇస్త్రీపెట్టె నడపండి. మరీ వేడి వద్దు.

కుట్టే ముందు గుర్తులన్నీ వేడికి చెరిగిపోయే పెన్నుతో పెట్టాను. ఇస్త్రీ చేయగానే మాయమయ్యాయి. గట్టి చలి తగిలితే మళ్ళీ తేలతాయని పెన్ను అమ్మినాయన మొన్న తాపీగా చెప్పాడు. నమ్మలేక ఒక పీలికను ఫ్రిజ్‌లో ఐసు పక్కన పెట్టి చూశాను. గీతలన్నీ తిరిగొచ్చాయి.

గీతలైతే పోనీ అనుకునేదాన్ని. ఎవరి చీర ముక్క మీద వాళ్ళ పేరు రాసుకోవడం నా అలవాటు. ఆ పచ్చముక్క మీద "నాది" అని రాశాను. అమ్మ ఆఖరిసారి కట్టుకున్న పచ్చచీరను ఇస్త్రీ చేస్తూ కాల్చేశాను, బావగారూ. అదే రంగుదని నా చీర కోశాను.

బొంత అందిన రోజు అక్క ఫోన్‌లో, "ఈ పచ్చముక్కలో ఇంకా అమ్మ వాసన వస్తోందే" అని ఏడ్చింది. నేను "ఊఁ" అన్నాను.

ఒకవేళ రాత ఇప్పటికే తేలి, అక్క చదివేసి ఉంటే, ఇస్త్రీ వద్దు. ఇంకా ఆ ముక్కకే చెంప ఆనించి పడుకుంటోందో లేదో, అదొక్కటి రాయండి.

మీ మరదలు