రిక్తిక అంటే ఖాళీ అట

జులై 14, 2004
ముసురు ఆగలేదు. దండెం మీది చీరకు ముక్కిన వాసన. కాలేజీలో ఫస్టియర్‌కు మొక్క కణం పాఠం చెప్పా. కణం నడుమ పెద్ద సంచి— రిక్తిక. రాధ లేచి, "రిక్తిక అంటే ఖాళీ అని గద మేడమ్?" అవును, మాటకు అర్థం అదే. లోపల ఏముంటుందో చెప్పబోతే బెల్ కొట్టారు. ఈ పేరు పెట్టినాయన దొరికితే బాగుండు.

జులై 15
ముత్తమ్మ— మా కిరాయి ఇంటి ఓనరమ్మ, రాధ తల్లి— ఇంటి వెనక మొక్కజొన్న వేసింది. ఈ ఏడు వాళ్లకున్న పంట అదొక్కటే. మోకాలెత్తు రాలేదు, అప్పుడే కింది ఆకులకు వంకాయ రంగు. భాస్వరం అందడం లేదు. తడిసి చల్లబడ్డ నేలలో వేర్లు తీసుకోలేవు. డీఏపీ ఎరువు వెయ్యమన్నా. "వాన తగ్గినంకనే లారీ వస్తదంట మేడమ్."

జులై 17
పొద్దున చూస్తే సగం సాళ్లలో కింది ఆకులు లేవు! ముత్తమ్మ మేకలు వాటిని హాయిగా నములుతున్నాయి. ఈ ముసురులో వాటిని అడవికి తోలలేదు మరి. ఒళ్లు మండింది.
"ఏంది ముత్తమ్మా, ఎందుకు కోసినవ్?"
"రంగు మారినయే కోసిన. ఆకు లోపలంత ఖాళీ సంచులేనని రాధ చెప్పింది. ఖాళీది చెట్టుకెందుకని..."
రాధ తలుపు చాటున. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.
అరుగు మీద కూర్చుని చెప్పా. ఆ సంచి ఖాళీ కాదు. దొరికినప్పుడు చెట్టు భాస్వరం అందులోనే దాచుకుంటుంది. వేరు తేలేని రోజుల్లో ముదురు ఆకు తన సంచిలోది బయటికి తీసి, ఈనెల గుండా పై లేత ఆకుకు పంపుతుంది. అందుకే కిందివి ముందు రంగు మారతాయి. పంపుతుండగానే ముత్తమ్మ కోసేసింది.
ముత్తమ్మ మొహం చిన్నబోయింది. "గట్లయితే దానికి ఖాళీ అని పేరెందుకు పెట్టిన్రు?"


జులై 18
ముత్తమ్మ మిగిలిన సాళ్లను ముట్టుకోలేదు. మేకల ఆకలి అరుపులు వినలేకపోతున్నా. రాధ గొడుగేసుకుని అడవి అంచుకు పోయి వాటికి ఆకు రొట్ట కొట్టుకొచ్చింది. నేనెదురైతే పక్క నుంచి పోతోంది.

జులై 20
ముసురే. దిగులుగా ఉంది.

జులై 22
వాన తెరిపిచ్చింది. లారీ కబురు లేదు. కోసిన సాలు దగ్గర ముత్తమ్మ గొంతుక్కూర్చుని ఉంది. మొక్క సుడిలో కొత్త ఆకు, ఇంకా విప్పుకోలేదు. వేలితో నిమిరింది.
"మేడమ్, నేను కోయకముందే దీనికి ఎంతో కొంత పంపి ఉంటదా?"
ఉంటుంది అనాలనిపించింది. పక్కనే కూర్చున్నా. చుట్టుకుని ఉన్న ఆ కొత్త ఆకు అంచు ఆకుపచ్చో, వంకాయ రంగో... ఈ మబ్బు వెలుతురులో తెలియడం లేదు.