బాలమణి ఇంట్లో ఉండదు

ఫిబ్రవరి 4
కొండాపూర్ మండలం. ఎండ. బాలమణి ఇంటికి తాళం.
మూడేళ్ల కింద ఇదే అరుగు మీద కూర్చుని అడిగాను — గడప దాటి ఎక్కడికైనా వెళ్తుంటారా అని. రెండు కాళ్లకీ పోలియో. "నన్ను ఎవలు దీస్కపోతరు మేడం" అంది. వికలాంగులు నలుగురిలోకి ఎంత వస్తున్నారు, ఏది అడ్డుపడుతోంది — అదే మనిషిని అదే ప్రశ్న మళ్లీ అడిగి, ఏం మారిందో చూడాలి. మా ప్రాజెక్టంతా అంతే.
ప్రశ్న తయారుగా ఉంది. మనిషే లేదు.

ఫిబ్రవరి 6
మళ్లీ తాళం. పక్కింటాయన చెప్పాడు — సదాశివపేటలో ఎంగేజ్‌మెంట్‌కి పోయిందట.

ఫిబ్రవరి 9
ఫోన్ ఎత్తింది. వెనక బ్యాండు మోత. తర్వాత చేస్తానంది. చేయలేదు.
దొరకట్లేదని ఆఫీసులో సార్‌కి చెప్పాను. ఇల్లు కదలదని నువ్వే రాశావుగా అన్నాడు. నిజమే. రాసింది నేనే...

ఫిబ్రవరి 12
దొరికింది. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో, టీ కొట్టు ముందు. వెనక అటొకటి ఇటొకటి అదనపు చక్రాలు బిగించిన స్కూటీ. దిగకుండానే టీ తాగుతోంది.
స్కూటీ తమ్ముడు ఇప్పించాడట. దాని మీద తిరుగుతూ బంధువులమ్మాయికి ఒక సంబంధం చూసింది, కుదిరింది. అప్పట్నుంచి పెళ్లి సంబంధాలే పని. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ఏ కంపెనీలో ఏ అబ్బాయి పర్మినెంటో, ఎవడు కాంట్రాక్టు మీద ఉండి పర్మినెంటని చెప్పుకుంటున్నాడో — అన్నీ తెలుసు.
మొదటి ప్రశ్న అడగబోయాను. నాకు పెళ్లయిందా అని తనే అడిగింది. కాలేదు. ఆంధ్రావాళ్లమా? నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు, నేను పుట్టింది ఇక్కడే.
"మరి గోదావరి దిక్కు పిల్లగాడే గావాల్నా చెల్లె, ఇటోళ్లు నడుస్తరా?"
నా ప్రశ్నలు సంచిలోనే ఉండిపోయాయి.

ఫిబ్రవరి 13
అమ్మకు చెప్పడం పొరపాటు. "ఆవిడ నంబరు ఇలా ఇవ్వవే."

ఫిబ్రవరి 16
ఎట్టకేలకు ఇంటర్వ్యూ. ఆమె ఇంట్లోనే.
పెళ్లిళ్లకు వెళ్తారా — అన్నింటికీ. ఎంతవరకు వెళ్లగలరు — మండపం కింది దాకా. ఏ ఫంక్షన్ హాలైనా స్టేజీకి మెట్లే. భోజనం స్కూటీ దగ్గరికే వస్తుంది. అక్షింతలు కింది నుంచే విసురుతుంది. ముందు వరస వాళ్ల నెత్తిన పడతాయి, వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. తను కుదిర్చిన పెళ్లిళ్ల ఆల్బమ్‌లలో తన ఫోటో ఒక్కటీ లేదు.
"ఎత్తుకపోతమంటరు. నేనేమన్న బియ్యం బస్తనా?"
నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. రాసుకున్నాను.

ఫిబ్రవరి 18
ఫోన్ చేసి తనే చెప్పింది. పటాన్‌చెరులో వెల్డింగ్ షాపు సత్తయ్య — అతని కూతురి పెళ్లి ఈమె కుదిర్చిందే, వచ్చేవారమే. ఈసారి తను స్టేజీ ఎక్కాల్సిందే అని అతనితో అందట. హాలు బుక్ అయిపోయింది, మెట్లకు నేనేం చేసేది అన్నాడట. సరే గానీ, జాతకాల మీద నిన్నటి నుంచి నాకో అనుమానం ఉంది అందట. సత్తయ్యకు చెమటలు.
నిజంగా దోషముందా అక్కా అన్నాను.
"ఇంకా సూడలే."

ఫిబ్రవరి 21
సత్తయ్య షాపు. స్టేజీకి ఆనించే ఇనుప ర్యాంపు తయారవుతోంది. మరీ నిటారుగా... దాని మీద స్కూటీ కాదు, మేక ఎక్కాలి.
దేంట్లోనూ జోక్యం చేసుకోవద్దని సార్ మొదటిరోజే చెప్పాడు. మనం చూసేవాళ్లం, అంతే.
"ఇంకా పొడుగుండాలి" అనేసి వచ్చాను. రిపోర్టులో రాయను.

ఫిబ్రవరి 25
పెళ్లి.
పొడుగంటే పొడుగే చేశాడు. ర్యాంపు కుర్చీల మధ్యదాకా వచ్చింది. బాలమణి వచ్చేసరికి దాని మీద జనం. మోకాళ్ల నొప్పుల ముసలమ్మలంతా మెట్లు వదిలేసి దాని మీదే — మెల్లగా, కబుర్లు చెప్పుకుంటూ. ఓ పక్కగా పిల్లలు జారుడుబండ ఆడుతున్నారు. ఆమె కింద స్కూటీ మీదే ఉండి హారన్ కొడుతుంది. ఎవరూ తప్పుకోరు. సత్తయ్య తువ్వాలుతో కోళ్లను తోలినట్టు అందర్నీ తోలాడు.
ఎక్కింది. బ్రేకు కాస్త ఆలస్యం. పెళ్లికొడుకు కాళ్లు పైకెత్తాడు. పంతులు మంత్రం ఆపాడు. స్కూటీ ఆగింది. పంతులు మొదలుపెట్టాడు.
అక్షింతలు — ఒక్క గింజ పక్కకు పోలేదు. ఫోటో తీసేటప్పుడు ఎందుకో హెల్మెట్ పెట్టుకుంది. మళ్లీ తీసేసింది.
నేనెందుకు ఏడ్చానో తెలియదు. హోమం పొగ అనుకుంటా.

ఫిబ్రవరి 26
సంబరంగా వెళ్లాను. ఆమె సంబరంగా లేదు. చాయ్ ఇచ్చి అంది —
"సంబంధం కుదిర్చిన గాబట్టి ర్యాంపు ఏసిండ్రు చెల్లె. లేకుంటె పిలుస్తురా? చిన్నప్పటిసంది ఇదే ఊర్లె ఉన్న. పనిబడ్డంకనే అవుపడ్డ."
కాగితం మీద చూస్తే బ్రహ్మాండమైన మార్పు — అప్పుడు ఎక్కడికీ పోదు, ఇప్పుడు పోని చోటు లేదు. సార్ మెచ్చుకుంటాడు. ఎందుకు పిలుస్తున్నారని మేం ఎక్కడా అడగలేదు.

మార్చి 2
పొద్దున్నే ఫోన్. ఎదురింటి కవితమ్మ మనవడికి తొట్టెల ఫంక్షన్, ఉయ్యాల వేడుక. బాలమణిని పిలిచిందట. ఆ ఇంట్లో పెళ్లి కావాల్సిన వాళ్లెవరూ లేరు — అందరినీ లెక్కేసి మరీ చూసుకుంది. మీ ఇంటికి మెట్లున్నాయి కదా అని ఈమె అడిగి కూడా చూసిందట. తొట్టెల వాకిట్లోనే కడుతున్నారట.
గొంతులో అనుమానం. "ఊకెనే రమ్మన్నది చెల్లె. ఏం పనో చెప్తలేదు."
పనేం లేదేమో అక్కా, అన్నాను.
"గట్ల గూడ పిలుస్తరా?"
పిలుస్తారనే అన్నాను. నాకు ఖాయంగా తెలుసా...
"నువ్వు అందర్ని అడిగేదానివే గదా. ఏం పనుందో జెర కనుక్కో."
ఫంక్షన్ ఎల్లుండి. నేను ఆ కవితమ్మను ఏమని అడగాలి?