రంగసామికి దుబాసీ కావాలి

మామా,

నేను చెబుతుంటే మన మనవరాలు రాస్తోంది. మిల్లు సమ్మె కేసులో నిన్ను జైలుకు పంపిన సర్కారు వకీలు రంగసామికి మదరాసులో పెద్ద పదవి వచ్చిందట. నిన్న మన వీధిలో వాడికి దండలు వేశారు.

మేనేజరు మీద రాయి పడిన రోజు నువ్వు జ్వరంతో ఇంట్లోనే ఉన్నావని కోర్టులో చెప్పాను. భయంతో అరవం మరిచిపోయి నాకు ఇంటి తెలుగే వచ్చింది. రంగసామి మన వీధిలో తెలుగింట పుట్టినవాడే, అయినా "ఈమె భాష నాకు తెలియదు, దుబాసీ కావాలి" అని జడ్జితో అరవంలో అన్నాడు. ఆ దుబాసీ నా మాట సగం మింగేశాడు. నువ్వు జైల్లోనే పోయావు.

నిన్న వాడు సిగ్గు లేకుండా మైకులో తెలుగు మాట్లాడాడు. "నేను మీ బిడ్డనే" అన్నాడు. నేను లేచాను.

"ఏమిరా రంగసామీ, నీ బాస నాకు తెల్దు. దుబాసీని పిలిపించు."

మెడనిండా దండలతోనే వాడు మైకు వదిలి వేదిక దిగిపోయాడు.