ఎవరూ ఇంటికి తీసుకుపోని నియూ పుస్తకం

గ్రంథాలయ పుస్తకాల తనిఖీ అధికారివారికి,
దక్షిణ ఆక్లండ్.

అయ్యా,

విషయం: మా పేట గ్రంథాలయంలోని ఒకే ఒక్క నియూ భాషా పుస్తకాన్ని తొలగించరాదని మనవి.

1. అన్ని జాతులవారికీ అరల్లో చోటు దక్కిందో లేదో చూడమని తమరు పంపిన హారియెట్ అనే అమ్మాయి పోయిన గురువారం వచ్చినది. మా పుస్తకం పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అరువు పోలేదనియు, కనుక నియూ ద్వీపంవారికి చదువు మీద ఆసక్తి లేదనియు రాసుకొన్నది. దాని స్థానంలో పసిఫిక్ వారందరికీ కలిపి ఒక వంటల పుస్తకం పెడతారట. సమోవా కూర వండుకుని తింటే మా భాష మాకు వచ్చేస్తుందా?

2. అరువు పోనిది ఆసక్తి లేక కాదు, ఎక్కువై. పుస్తకం వచ్చిన రోజే మా ద్వీపంలోని హకుపు ఊరివాళ్ళం ముందు మాకన్నాము, ముతలౌ ఊరివాళ్ళు ముందు మాకన్నారు. గొంతులు లేచాయి. చివరికి మా చర్చి పెద్ద వచ్చి, "ఎవరింటికీ పోదు. ఇక్కడే కూర్చుని చదువుకోండి," అని తీర్పు చెప్పాడు. ఆ మాట నేటివరకు ఎవరమూ దాటలేదు.

3. ప్రతి గురువారం నేను చదువుతాను, ముతలౌ ఊరి అటలోమా వింటుంది. ఆమెకు చూపు పోయి ఆరేళ్ళు. పుస్తకమంతా నోటికి వచ్చు గనుక నా చదువులో తప్పులు పడుతుంది. "అదేం చదువే మెలెతా! మా ఊరి పందులు నీకన్నా నయం," అంటుంది. "అయితే వాటినే పిలిచి చదివించుకో పో," అంటాను. పక్క బల్లవాళ్ళు ఉష్ అంటారు. తమ ఫారంలో ఇది ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు.

4. వాడిన గుర్తులు కావలెనన్నచో పద్నాలుగో పేజీ చూడవచ్చును. అది కొబ్బరిపాల మరక. లోపల తినరాదన్న నిబంధన నాకు తెలియును. మరక అటలోమాది.

కావున తమరు ఈ సంగతులు చిత్తగించి, పుస్తకాన్ని దాని అరలోనే ఉండనీయవలెను.

తమ విధేయురాలు,
మెలెతా హెకావు

మరొక మాట: ఇది మడత పెడుతుండగానే హారియెట్ ఫోన్ చేసింది. "పొరపాటైంది మామ్మగారూ, పుస్తకం తీయంలెండి. ఇంకోటి కూడా కొంటాం, తలా ఒకటి ఇంటికి తీసుకుపోదురుగాని," అంది. వద్దు నాయనా. రెండోది వస్తే అటలోమా పంతానికి దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి పోతుంది. అక్కడ ఆమెకు చదివిపెట్టే దిక్కు లేదు. మా ఇంట్లో నన్ను తిట్టే దిక్కూ లేదు. ఒక్కటే ఉంచండి, మీకు పుణ్యముంటుంది.