ముప్పై గుండీల దగ్గర తేడా

అత్తకు నమస్కారం.

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. జ్వరం కాదు, సైన్స్ ఫెయిర్. కిందటేడు నా అంకెలన్నీ ఒకే వరసలో చక్కగా వచ్చాయని టీచరు క్లాసందరి ముందూ, "ఇవి కొలిచినవా, వండినవా?" అని అడిగింది. నిజంగా కొలిచినవే. కానీ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను. అందరూ నవ్వారు. ఈసారి ఎనిమిదో తరగతి వాళ్లు చేసే ప్రతి ప్రయోగాన్నీ బయట ఇంకొకరు కూడా చేసి చూడాలట. రెండు కొలతలూ కలిస్తేనే నమ్ముతుందట. మనింట్లో టేపు మెడలో వేసుకుని తిరిగేది నువ్వొక్కదానివే కదా.

నా ప్రశ్న ఇది: బరువు పెంచే కొద్దీ ఎలాస్టిక్ ఎంత సాగుతుంది? ఇరవై సెంటీమీటర్ల ముక్కను మేకుకి కట్టి, కింద ప్లాస్టిక్ కప్పు వేలాడదియ్యి. అందులో పదేసి గుండీలు వేస్తూ ప్రతిసారీ పొడవు కొలిచి రాసి పంపు. నెల తిరిగేసరికి ఫెయిర్.

ఇట్లు,
నీ మేనకోడలు, అనుమానప్పక్షి

తా.క.: గుండీలు లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టు.

* * *

చిరంజీవి అనుమానప్పక్షికి అత్త ఆశీస్సులు.

నువ్వడిగింది అడిగినట్టే చేశాను, కాస్త మెరుగ్గా కూడా. ఎలాస్టిక్ చివర్లు పీచులు లేస్తుంటే రెండువైపులా మడిచి కుట్టాను. ఒకసారి సాగినదాన్ని మళ్లీ సాగదీయడానికి చేతులు రాక ప్రతిసారీ కొత్త ముక్క వేశాను. కోటు గుండీలు పదహారే ఉన్నాయి. ఆ తర్వాత చొక్కా గుండీలు, చివర్లో ముత్యాల్లాంటివి వేశాను. కొలతలు అంగుళాల్లో వెనకపేజీలో ఉన్నాయి. సెంటీమీటర్లలో కొలిస్తే ఏ బట్టా నా మాట వినదు.

ఇట్లు,
మీ అత్త

తా.క.: కప్పు మరీ బోసిగా ఉందని చుట్టూ లేసు కుట్టాను. దాని బరువెంతని అడక్కు.

* * *

అత్తకు నమస్కారం.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఇది జాకెట్టు కాదత్తా, ప్రయోగం. ఇందులో మారాల్సింది ఒక్కటే, గుండీల సంఖ్య. ఎలాస్టిక్, కప్పు, మేకు, గుండీల రకం ఏవీ మారకూడదు. నువ్వేమో మార్చనిదంటూ ఒక్కటీ మిగల్చలేదు. నీ అతి తెలివి పక్కనపెట్టి చెప్పింది చెయ్యి. ఒకటే ముక్క, ఒకే రకం గుండీలు, సెంటీమీటర్లు. ఒక్కో కొలతా మూడుసార్లు తియ్యి, వేర్వేరు పూటల్లో. సగటు నేను కడతాను.

నా గ్రాఫు కూడా పంపుతున్నాను. అడ్డంగా గుండీలు, నిలువుగా పొడవు. చూసి ఊరుకో.

ఇట్లు,
అనుమానప్పక్షి

తా.క.: అత్తకి మర్యాదగా రాయమని అమ్మ చెప్పింది. రాశాను కదా, పైన నమస్కారం అని.

* * *

చిరంజీవికి అత్త ఆశీస్సులు.

ఎంత ముద్దుగా రాశావే. "పెద్దదానివి, నీకు శ్రమ ఇస్తున్నాను, మన్నించు" అన్నావే, ఆ మాటకే నా కడుపు నిండిపోయింది. ఈ కాలం పిల్లల్లో ఇంత వినయం ఎక్కడుంది?

అన్నీ నువ్వన్నట్టే చేశాను. మూడు పూటల కొలతలూ వరసగా రాశాను, సెంటీమీటర్లలోనే. గ్రాఫు కూడా చూశాను. నీ గీత చుక్కచుక్కకీ మలుపు తిరుగుతోంది. చంక వంపు గీసే స్కేలు పెట్టి సాఫీగా దిద్ది తిరిగి పంపుతున్నాను.

ఇట్లు,
మీ అత్త

తా.క.: రెండు చుక్కలు గీతకి దూరంగా ఉంటే రబ్బరుతో తుడిచేశాను. నీకు తలనొప్పి ఉండదు.

* * *

అత్తకు.

నేను మన్నించమని ఎప్పుడు రాశాను? ఎగతాళి చేస్తున్నావా? గ్రాఫు మళ్లీ మొదటినుంచి గీసుకున్నాను. ఆ రెండు చుక్కలూ నిజంగా కొలిచినవి.

అసలు బాధ అది కాదు. ముప్పై గుండీలకి ఒకసారి 23.9 అని రాశావు, ఇంకోసారి 28.9 అన్నావు. నలభైకి 25.2. బరువు పెరిగితే ఎలాస్టిక్ పొట్టిదవుతుందా? నిజం చెప్పు, ఇవి కొలిచావా, కూర్చుని వండావా? ఫెయిర్ వచ్చే శుక్రవారమే. నిజంగా కొలిచి ఉంటే ఏది ఏ రోజు, ఎన్ని గంటలకు కొలిచావో రాసి పంపు.

అనుమానప్పక్షి

తా.క.: టీచరు అడిగిన మాటే నిన్ను అడుగుతున్నానని తెలుసు. ఇంకెలా అడగాలో తెలియలేదు.

* * *

ఎనిమిదో తరగతి చదువుతున్న మేడమ్‌గారికి.

ముప్పై ఏళ్లుగా ఈ వీధిలో అందరి కొలతలూ నా నోటుబుక్కులో ఉన్నాయి. నన్ను వండావా అని అడిగినవాళ్లు లేరు. అదీ షాపులో నలుగురు కూర్చుని ఉండగా. నీ ఎలాస్టిక్ ఇక నువ్వే సాగదీసుకో.

అడిగావు కాబట్టి టైములు వెనక రాశాను. గోడ మీద గంట కొట్టినప్పుడల్లా కొలతల పక్కన వేసుకున్నవే.

మీ అత్త

తా.క.: నా మనసు అసలే బాగాలేదు. ఒకావిడ జాకెట్టు తిరిగి తెచ్చింది, ఒక చెయ్యి పొడుగట. మనుషుల చేతులే సమానంగా ఉండటం లేదు, నేనేం చెయ్యను?

* * *

అత్తకు నమస్కారం.

తప్పు నాదే. నువ్వు వండలేదు.

నీ కొలతలకీ నా కొలతలకీ తేడా ఎంతో తీసి, ఇంకో గ్రాఫు గీశాను. ఈసారి అడ్డంగా గంటలు, నిలువుగా తేడా. పొద్దున పదకొండు దాకా గీత నేలమీదే పాకింది. సాయంత్రం నాలుగు దాటాక గోడెక్కింది. తప్పులన్నీ ఒకే రకం. మూడు ఎనిమిదవుతోంది, ఎనిమిది మూడవుతోంది.

అత్తా, వెలుతురు తగ్గితే నీకు అంకెలు కనబడటం లేదు కదూ? ఈ గ్రాఫు తప్పయితే నన్ను తిట్టు. తప్పవ్వాలనే ఉంది. నాలుగుసార్లు సరిచూశాను.

ఎవరికీ చెప్పలేదు, నాన్నకి కూడా. శుక్రవారం టీచరు అడిగితే ఏం చెప్పాలో తెలియటం లేదు. దాస్తే నా లెక్క అబద్ధం. చెబితే నీ షాపుకి ఎవరూ రారేమో.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: జాకెట్టు ఆవిడతో గొడవ పెట్టుకోకు.

* * *

చిరంజీవికి అత్త ఆశీస్సులు.

మూడు వారాలు ఉత్తరం లేదని కంగారు పడి ఉంటావు. ముందు ఒక నిజం చెప్పాలి. నీ ఉత్తరాల్లో ఒక్కటి కూడా నేను చదవలేదు.

ఇక్కడికి పోస్టు నాలుగు దాటాకే వస్తుంది. నీది చీమల బారులాంటి రాత. రాయడం చేతికి అలవాటు, చదవడం కళ్ల పని. పక్క షాపులో గడియారాలు బాగుచేసే ఆయన చదివి వినిపించేవాడు. మంచివాడు, నా మనసు నొచ్చుకుంటుందని నీ మాటలకి మర్యాద కలిపి చదివేవాడు. "వండావా" అన్న ఉత్తరం వచ్చిననాడు ఆయన ఊళ్లో లేడు. జాకెట్టు కుట్టించుకోవడానికొచ్చిన కాలేజీ పిల్ల చదివింది, ఉన్నది ఉన్నట్టు.

చివరి ఉత్తరం మళ్లీ ఆయనే తీశాడు. సగంలో ఆపేశాడు. "ఏం రాసిందయ్యా?" అంటే కాగితం మడిచి, షాపు షట్టరు దించి, "పదక్కా, కంటి ఆసుపత్రికి" అన్నాడు. నాకేం లేదని డాక్టరమ్మ ముందు దబాయించబోయాను. ఈయన నీ గ్రాఫు తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, నేరుగా కంట్లో లైటు వేసింది. కుడికంట్లో శుక్లం ముదిరిందట, తీసేశారు. ఎడమది వచ్చే నెల. భయపడి రెండేళ్లు దాచాను. షాపు పోతుందనే.

మీ నాన్న చెప్పాడు. ఆ సాయంత్రం కొలతలెందుకు పక్కన పెట్టావని టీచరు అడిగితే, "కొలిచినవాళ్లు నిజాయితీగానే కొలిచారు, వెలుతురు చాలలేదు" అని తడబడకుండా చెప్పావట. బహుమతి సబ్బు నురగ పొంగించిన పిల్లాడికి పోయిందట. పోనీలే. ఆవిడ నీ కాగితాలు అడిగి తీసుకుందట కదా.

ఇట్లు,
మీ అత్త

తా.క.: కట్టు విప్పాక నీ ఉత్తరాలన్నీ నేనే కూర్చుని చదివాను. రెండోదాంట్లో "నీ అతి తెలివి" అన్నావు. గడియారాలాయన తలొంచుకుని కూర్చున్నాడు. నిన్న సాయంత్రం ఆరింటికి మొత్తం మళ్లీ కొలిచి కాగితం ఇందులో పెట్టాను. నలభై గుండీల దగ్గర నీకూ నాకూ ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. ఈసారి నువ్వు కళ్లు చూపించుకో.